గాల్వనైజింగ్ విభాగంలో తనిఖీ ఉద్యోగం: చేరవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి మెటలర్జీ డిప్లొమా పూర్తిచేశాడు. జీఐ పైపుల కర్మాగారంలో గాల్వనైజింగ్ (ఇనుముకు జింక్ పూత వేయడం) తనిఖీ ఉద్యోగం వచ్చింది. రోజంతా పైపుల మీద మచ్చలు చూసే ఈ పనికి భవిష్యత్తు ఉంటుందా, లేక ఈసెట్ రాయించమంటారా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: మచ్చ ఉన్న పైపును పక్కకు తీయించి రిజిస్టరులో రాయడంతోనే పని ముగిసేటట్లయితే మీ సందేహం సమంజసమే. ఆ మచ్చ ఏ తొట్టె దగ్గర పుట్టిందో చెప్పగలిగే తనిఖీదారుకు మాత్రం ఈ రంగంలో గిరాకీ ఉంటుంది.

పైపును క్షారంతో జిడ్డు వదిలించి, ఆమ్లంలో తుప్పు తీసి (దీన్నే పిక్లింగ్ అంటారు), కడిగి, జింక్ బాగా అంటేందుకు తోడ్పడే ఫ్లక్స్ ద్రావణంలో ముంచి, ఆరబెట్టిన తర్వాతే సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగి ఉన్న జింక్‌లోకి దించుతారు. జింక్ అంటని నల్లమచ్చ కనబడితే అది జిడ్డో పెయింటో మిగిలిపోవడం వల్ల వచ్చిందా, పిక్లింగ్ చాలక వచ్చిందా, ఫ్లక్స్ బలం తగ్గి వచ్చిందా అన్నది తేల్చాలి. చేతికి గరుకుగా తగిలే గింజలు సాధారణంగా డ్రాస్, అంటే తొట్టె అడుగున పేరుకునే ఇనుము–జింక్ మిశ్రమం. పిక్లింగ్ తర్వాత సరిగా కడగకపోతే పైపులు తమతో తెచ్చే ఇనుప లవణాల వల్ల డ్రాస్ పెరుగుతుంది. అందులో తొంభై శాతానికి పైగా జింకే కాబట్టి కడుగునీటి దగ్గర జరిగిన అశ్రద్ధ యాజమాన్యానికి జింక్ ఖర్చుగా తేలుతుంది. ఈ లంకెను లెక్కలతో చూపించగల కుర్రవాణ్ణి ఏ యాజమాన్యమూ వదులుకోదు.

ప్రతి లోపమూ తొట్టెదే కాదు. ఉక్కులో సిలికాన్ 0.04 నుంచి 0.12 శాతం మధ్య ఉంటే పూత మందంగా, బూడిదరంగులో వస్తుంది. అంతమాత్రాన ఆ పైపును తిరస్కరించనక్కరలేదు గానీ, ఉక్కు కొనేవారికి ఆ సంగతి తెలియజేయాలి. తడి ఆరకముందే కట్టలు కట్టి గాలి ఆడని చోట పేర్చితే వచ్చే తెల్లతుప్పు గిడ్డంగి లోపం. ఇక పైపు లోపలి గోడను చాలామంది చూడనే చూడరు, నీళ్లు పారేది అక్కడే అయినా.

కాబట్టి చేరమనండి. పైపుల జింక్ పూతకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 4736ను, పూత సమానంగా ఉందో లేదో మైలతుత్తం ద్రావణంతో చూసే ఐఎస్ 2633 పరీక్షను, పూత బరువు తేల్చే ఐఎస్ 6745 పద్ధతిని మొదటి నెలల్లోనే చేత్తో చేసి నేర్చుకోవాలి. చదరపు మీటరుకు సుమారు 7.14 గ్రాముల జింక్ ఒక మైక్రాన్ మందమవుతుందన్న లెక్క నోటికి రావాలి. ఉద్యోగంలో చేరినంత మాత్రాన ఈసెట్ దారి మూసుకుపోదు. ఒక ఏడాది పని చూశాక రాసి మెటలర్జీలోనే బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే చదువు మరింత బాగా ఒంటబడుతుంది, అయితే ఆ బ్రాంచి ఉన్న కళాశాలలు తక్కువ.

చేరేముందు రెండు విషయాలు అడిగించండి. పిక్లింగ్ విభాగంలోను, ప్రయోగశాలలోను కూడా కొంతకాలం పని నేర్పిస్తారా? తొట్టె దగ్గర పొగను లాగే ఏర్పాటు, ముఖకవచాలు ఉన్నాయా? తడి పైపు దిగితే నీరు ఒక్కసారిగా ఆవిరై కరిగిన జింక్ చిమ్ముతుంది కనుక, రెండో ప్రశ్నకు జవాబు దాటవేసేచోట చేర్పించవద్దు.