మార్క్ బోలన్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. విషయం బాగానే పోగేశావు. కానీ మొదటి వాక్యంలోనే బ్రిటిష్ రాక్ గాయకుడు మార్క్ బోలన్ "తారాజువ్వలా ఎగసి నేలరాలాడు" అని తేల్చేశావు. ఆ తారాజువ్వను ముందు తీసెయ్. అందంగా లేదని కాదు, లెక్క తప్పు. అతని మొదటి సింగిల్, అంటే విడిగా అమ్మే పాట రికార్డు, వచ్చింది 1965లో. మొదటి పెద్ద హిట్ 1970 చివర్లో. వత్తి అంటించాక ఐదేళ్లు కదలకుండా కూర్చునే తారాజువ్వ ఎక్కడైనా ఉంటుందా?

మళ్లీ రాయడానికి కూర్చునే ముందు ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకో: 2, 1, 1, 2, 1, 1, 2, 2, 3, 4, 12, 13, 22, 41. 1970 అక్టోబరు నాటి 'రైడ్ ఎ వైట్ స్వాన్' నుంచి 1974 నవంబరు నాటి 'జిప్ గన్ బూగీ' దాకా, అతని బృందం టి.రెక్స్ కొత్త సింగిల్స్ వరసగా బ్రిటిష్ అమ్మకాల చార్టులో ఎక్కిన స్థానాలివి. నీ కథకు వెన్నెముక ఇదే. 4 తర్వాత ఏముందో చూడు. 12. మధ్యలో 5 లేదు, 7 లేదు. అతను మెట్లు దిగలేదు, ఒక మెట్టు విరిగింది. అది విరిగింది 1973 జూన్‌కీ నవంబరుకీ మధ్య. నీ వ్యాసంలో ఆ నెలలే లేవు. 1972 సంబరాల నుంచి ఒక్క దూకులో 1977 కారు ప్రమాదం దగ్గర తేలావు.

మూడు వేల మాటలు అన్నావు కదా. 1970కి ముందు కథకు 500, ఉచ్చదశకు 900, 1973-74కు 1,000, ఆఖరి మూడేళ్లకు 500, ప్రమాదానికి 100. ఈ కొలత చూసి కంగారు పడకు. చావు గురించి పాఠకుడికి ముందే తెలుసు. హిట్లు ఎందుకు ఆగాయో తెలీదు.

తొలిరోజుల్ని నువ్వు "పేదరికం"తో నింపేశావు. అంత అక్కర్లేదు. బోలన్ అసలు పేరు మార్క్ ఫెల్డ్, పుట్టింది లండన్ హాక్నీలో, తండ్రి లారీ డ్రైవరు, తల్లి సోహోలోని బెర్విక్ స్ట్రీట్ బజారులో పనిచేసేది. ఇంతే చాలు. ఆ ప్రాయంలో అతని గురించి చెప్పుకోవాల్సింది బట్టల పిచ్చి. పదిహేనేళ్లు నిండకముందే 1962లో సోకుల కుర్రాడిగా ఒక పత్రికలో ఫొటోలతో సహా పడ్డాడు. పాట కంటే ముందు దర్జీ కొలతలు తెలిసినవాడని ఇక్కడ ఒక వాక్యం వేసిపెట్టు, తర్వాత పనికొస్తుంది. 1967లో టిరనోసారస్ రెక్స్ అనే బృందం మొదలయ్యాక మాత్రం కచేరీలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మామూలు గిటార్‌తో దేవకన్యల గురించీ మాంత్రికుల గురించీ పాడేవాడు. పక్కన బోంగోలనే చిన్న జంట డోళ్లు వాయించే తోడు ఒక్కడే. 1970లో ఆ పేరు టి.రెక్స్ అయింది, చేతికి ఎలక్ట్రిక్ గిటార్ వచ్చింది, తర్వాత బేస్, డ్రమ్స్ చేరాయి. పాత శ్రోతల్లో కొందరు ద్రోహం అన్నారు. ఆ మాట ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగు.

ఇక 1971 మార్చి. బీబీసీలో గురువారం సాయంత్రాల 'టాప్ ఆఫ్ ది పాప్స్'లో 'హాట్ లవ్' పాడబోయే ముందు, చెలిటా సెకుండా అనే ఆవిడ అతని కళ్ల కింద చమ్కీ పొడి అద్దింది. నువ్వు దీన్ని "మెరుపు రేణువులు" అన్నావు. ఎందుకయ్యా? కొట్లో అడిగితే ఇచ్చేది చమ్కీయే కదా. ఈ ఒక్క దృశ్యానికి 300 మాటలు ఖర్చుపెట్టు. అప్పటికి బ్రిటన్‌లో ఉన్నవి మూడే టీవీ ఛానళ్లు కాబట్టి, ఒకడి చెంప మీద ఏముందో మర్నాడు బడికెళ్లే పిల్లలందరికీ తెలుస్తుందని చెప్పు. పాట ఆరు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఇక్కడే నువ్వు స్థానం నరసింహారావు గారి సత్యభామను తెచ్చి పోల్చావు. తప్పు పోలిక. ఆయన స్త్రీ పాత్రను అభినయించారు. బోలన్ పాత్రలోకి వెళ్లలేదు, మగవాడిగా తనకు తానుగానే చమ్కీ పెట్టుకుని వచ్చాడు. అక్కడి పెద్దవాళ్లకు గుచ్చుకున్నది అదే.

పాటను వర్ణించేటప్పుడు "ఉర్రూతలూగించే", "మత్తెక్కించే" లాంటివన్నీ కొట్టెయ్. ఏం వినిపిస్తుందో రాయి. 'గెట్ ఇట్ ఆన్' తీసుకో. మంద్రంలో షడ్జం కదలకుండా మోగుతుంటుంది, దాని మీద గిటార్ ప-ప-ధ-ధ, ప-ప-ధ-ధ అంటూ ఊగుతుంది. ఇది అమెరికన్ రాక్ గాయకుడు చక్ బెర్రీ దగ్గర్నుంచి తెచ్చుకున్న నడక, బోలన్ దాచలేదు కూడా. పైన ఇద్దరు మగవాళ్లు, మార్క్ వోల్మన్, హోవర్డ్ కేలన్, తారస్థాయిలో సన్నగొంతుతో వంత పాడతారు. వెనక రికార్డుల నిర్మాత టోనీ విస్కాంటి కూర్చిన తీగవాద్యాలు. పియానో మీద వేలు జర్రున జార్చినందుకు రిక్ వేక్‌మన్‌కు ముట్టింది 9 పౌన్లు. ఈ తొమ్మిది పౌన్ల ముచ్చట వదలకు. హిట్ తయారవడానికి ఎంతమంది చేతులు పడ్డాయో అది చెప్పకనే చెబుతుంది.

ఎందుకంటే పతనాన్ని ఆ చేతుల లెక్కతోనే రాయాలి. నువ్వు "అహంకారం, మాదకద్రవ్యాలు" అని రెండు మాటల్లో ముగించావు. కొకైన్, బ్రాందీ నిజమే, ఒళ్లు వచ్చిందన్నదీ నిజమే. కానీ అవి ఉండి కూడా హిట్లు కొట్టినవాళ్లున్నారు. కారణాలను ఒకదానికొకటి తగిలేలా పేర్చు. 1972లో పాత కంపెనీ అతని 1968 నాటి పాటల్ని మళ్లీ మార్కెట్లోకి వదిలింది. 'డెబోరా' ఏడో స్థానానికి వచ్చింది, పాత ఆల్బమ్‌లు రెండు కలిపి వేస్తే ఏకంగా మొదటి స్థానం. అంటే కొత్త బోలన్‌కు పోటీగా అంగట్లో పాత బోలన్. 1973కల్లా అదే ప-ప-ధ-ధ నడక వరసగా చాలా పాటల్లో వినపడింది. 1971లో పదమూడేళ్ల పిల్లకు 1974లో పదహారు. తమ్ముడు వినే పాట అక్క వినదు. అటు సాటి గాయకుడు డేవిడ్ బౌవీ, జిగ్గీ అనే తన వేదిక వేషాన్ని 1973 జూలై 3న లండన్ హ్యామర్‌స్మిత్ వేదిక మీద తనే చంపేసి కొత్త గొంతు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. బోలన్ వేషం మార్చలేదు. బౌవీని దుర్మార్గుడిగా చూపించకు, ఇద్దరూ పాత స్నేహితులు.

ఆ తర్వాత ఖాళీ అయిన కుర్చీలు లెక్కపెట్టు. డ్రమ్మర్ బిల్ లెజెండ్ 1973 చివర్లో, విస్కాంటి 1974లో, ఆ వెనకే బోంగోల మికీ ఫిన్. భార్య జూన్‌తో విడిపోయిందీ 1973లోనే. "ఇది బాగాలేదు" అని మొహం మీద చెప్పగలవాళ్లు గదిలో మిగల్లేదు, రికార్డుల నిర్మాణం కూడా తన నెత్తినే వేసుకున్నాడు. పైగా ఆదాయపు పన్ను పై స్లాబు 83 శాతానికి చేరిన ఆ రోజుల్లో దేశం వదిలి మాంటె కార్లో, లాస్ ఏంజిల్స్‌లో గడిపాడు. అభిమానులున్నది ఇంగ్లండులో. అమెరికాలో అతనికి టాప్ టెన్‌లోకి వెళ్లిన పాట ఒక్కటే.

41 దగ్గర కథ ఆపాలనిపిస్తుంది, ఆపకు. 1976లో 'ఐ లవ్ టు బూగీ' 13 దాకా వచ్చింది. 1977 వసంతంలో చిక్కిన ఒంటితో టూర్‌కు బయల్దేరి, ది డ్యామ్డ్ అనే పంక్ కుర్రాళ్లను వెంట తీసుకెళ్లాడు. పంక్ అంటే అప్పుడే పుట్టిన మొరటు రాక్. తన తరం వాళ్లు ఛీకొడుతున్న పంక్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ వేసవిలో గ్రనాడా టీవీ అతనికి ఆరు వారాల కార్యక్రమం ఇచ్చింది. ఆఖరి భాగం సెప్టెంబరు 7న రికార్డయింది, అతిథి బౌవీ. పాట ఎత్తుకోగానే బోలన్ వేదిక మీంచి జారిపడ్డాడు. దీన్ని శకునంగా రాయకు. పడ్డాడు, అంతే.

ప్రమాదం దగ్గర నీ కలం మరీ తడిసిపోయింది. బోలన్‌కు కార్లుండేవి, పాటల నిండా కార్లే, కానీ డ్రైవింగ్ నేర్చుకోలేదు. ఈ సంగతి 1972 భాగంలోనే ఎక్కడో అనేసి ఉంచు, చివర్లో వివరణ అవసరం పడదు. 1977 సెప్టెంబరు 16, తెల్లవారకముందు, లండన్‌లో బార్న్స్ దగ్గర ఊదారంగు మినీ కారు, నడుపుతున్నది గ్లోరియా జోన్స్, కంచె స్తంభం, చెట్టు. 30 నిండడానికి రెండు వారాలు. ఇంతకంటే ఒక్క విశేషణం పడినా చెడుతుంది. గ్లోరియాను నిందించే ఆ రెండు వాక్యాలూ తీసెయ్. ఆమె అతని బిడ్డ తల్లి, స్వయంగా గాయని, బృందంలో పనిచేసింది. బౌవీతో తీసిన ఆ కార్యక్రమం సెప్టెంబరు 28న ప్రసారమైంది. అతను వేదిక మీంచి పడడం జనం చూసింది అంత్యక్రియలయ్యాకే.

అన్నట్టు, లండన్ వెంబ్లీ కచేరీలు "రెండు రోజులు" అని రాశావు. కాదు, 1972 మార్చి 18 ఒక్కరోజే రెండు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ సినిమా తీసింది వాటినే. దిద్దుకుని నెలాఖరులోగా పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య