చిన్న వ్యాపారులు జిల్లా పరిశ్రమల కేంద్రానికి ఎందుకు వెళ్లరు? వెళ్తే పని జరుగుతుందా?

జరుగుతుంది. కానీ మనలో చాలామందికి అది సబ్సిడీ ఆఫీసుగానే తెలుసు, సలహా అడిగే చోటుగా కాదు. 1978లో ఈ కేంద్రాలు మొదలైందే చిన్న పరిశ్రమకు కావలసినవన్నీ జిల్లాలోనే ఒకచోట దొరకాలని.

వెళ్లకపోవడానికి పెద్ద కారణం టైమ్. కొట్టు మూసి వెళ్తే ఆ రోజు బేరం పోయినట్టే. పైగా ‘లెక్కలు చూపిస్తే పన్ను వాళ్లకు తెలుస్తుందేమో’ అన్న భయం. అందుకే మొదట ఆడిటర్‌నో, తోటి వ్యాపారినో అడుగుతారు. అది తప్పేం కాదు. బాధ కలిగేది దళారుల విషయంలో. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం, పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. దానికీ డబ్బులిచ్చి చేయించుకుంటున్నారు.

నాకు తెలిసిన ఒకావిడ పిండిమర కోసం పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ పథకం కింద లోన్ తీసుకుంది. సబ్సిడీ సొమ్ము చేతికి రాదని, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో జమవుతుందని ఆమెకు ముందు ఎవరూ చెప్పలేదు. చేతికొస్తుందనుకుని మోటారుకు బయట వడ్డీకి తెచ్చింది. ముందే ఒక్క పూట కేంద్రానికి వెళ్లి అడిగి ఉంటే ఆ వడ్డీ తప్పేది.

ఇంకొకటి. సరుకు తయారుచేసి ఇచ్చాక కొన్నవాళ్లు డబ్బు ఆపేస్తే, చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఎలా ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే చక్రవడ్డీ అడగొచ్చు, ఇలాంటి బకాయి తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదుకు వెళ్లేటప్పుడు ఉద్యమ్ సర్టిఫికెట్, బిల్లులు, సరుకు అందినట్టు సంతకం ఉన్న కాగితాలు పట్టుకెళ్లండి.