ఫిలిప్పీన్స్‌లో యువతకు స్థిరమైన ఉద్యోగం ఎందుకు దొరకడం లేదు?

చదువుకునే స్తోమత లేకనే అని చాలామంది అంటారు. అది సగమే నిజం. 2017 చట్టంతో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఎత్తేశారు. అసలు చిక్కు చదువయ్యాకే.

అక్కడి కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ సాధారణంగా ఆరు నెలలు దాటకూడదు. దాటాక కూడా పనిచేయిస్తే ఆ ఉద్యోగి పర్మనెంట్ అయినట్టే. కార్మికుల మేలుకోరి పెట్టిన ఈ నిబంధనకే గండి కొట్టారు: చాలాచోట్ల అయిదో నెలలోనే కాంట్రాక్టు ముగించేస్తారు. జనం దీన్ని ‘ఎండో’ (‘ఎండ్ ఆఫ్ కాంట్రాక్ట్’కు పొట్టిపేరు) అంటారు. మాల్‌లో బట్టలు మడతపెట్టే అమ్మాయి ఏడాదికి రెండు కొట్లు మారుతుంది. ఎక్కడికెళ్లినా కొత్త మనిషే.

మారిన ప్రతిసారీ పోలీసు క్లియరెన్సు, మన పంచాయతీ లాంటి ‘బరంగాయ్’ ఇచ్చే పత్రం వంటివి రుసుము కట్టి తెచ్చుకోవాలి. 2019 చట్టం ఈ రుసుములను మాఫీ చేసింది, కానీ మొదటిసారి ఉద్యోగం వెతుక్కునేవారికి, అదీ ఒక్కసారే!

కనీస వేతనం ప్రాంతాన్ని బట్టి మారుతుంది; రాజధానిలో ఎక్కువ. అందుకే పల్లె పిల్లలు మనీలా చేరి, గది కాదు, ఒక్క మంచం అద్దెకు తీసుకుంటారు. మిగిలింది తమ్ముళ్ల, చెల్లెళ్ల చదువుకు పంపాలి.