నలభై దాటాక వయొలిన్, అదీ గురువు లేకుండా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లండి, ఉండేది కరీంనగర్‌లో. ఆఫీసు అయ్యాక కుదిరే టైమ్‌లో నేర్పేవాళ్లెవరూ దొరకలేదు, వయొలిన్ మాత్రం ఆన్‌లైన్‌లో కొనేశా. బో (కమాను) లాగితే అస్సలు సౌండే రావట్లేదు! వీడియోలు చూసి కర్ణాటక పద్ధతిలో నేర్చుకోవచ్చా?

జవాబు: ముందు సౌండ్ సంగతి చూద్దాం. కొత్త బోకి రోజిన్ (తీగని పట్టుకునేలా బో వెంట్రుకలకి రాసే గట్టి జిగురు ముక్క) రాయకపోతే వెంట్రుకలు తీగ మీద జారిపోతాయంతే, పట్టవు. కొత్త రోజిన్ ముక్క నున్నగా ఉంటుంది కాబట్టి సన్న సాండ్‌పేపర్‌తో కాస్త గీకి అప్పుడు రుద్దండి. వాయించడం అయ్యాక బో స్క్రూ వదులు చేసి పెట్టండి.

ఇక శ్రుతి. వెస్ట్రన్ వీడియోల్లో నాలుగు తీగల్ని జి, డి, ఎ, ఇ అంటారు, మన కర్ణాటక పద్ధతిలోనేమో అవి స ప స ప, అందుకని వాళ్ల పాఠాలూ మనవీ కలిపి చూశారంటే గందరగోళమే. కింద కూర్చుని వయొలిన్ తల వైపు కొసని (బిరడాలుండే చివర) కుడి పాదం మీద ఆనించుకోండి, అలా అయితే ఎడంచెయ్యి బరువు మొయ్యక్కర్లేదు, తీగ మీద ఫ్రీగా జారుతుంది, గమకాలకి (స్వరాన్ని ఊపడం, జార్చడం) కావాల్సింది అదే. మొదట్లో వేళ్లు పెట్టకుండా ఖాళీ తీగల మీద, బ్రిడ్జికి (తీగల్ని ఎత్తి పట్టే చెక్క ముక్క) సమాంతరంగా, పొడుగ్గా బో లాగడమే పని. బోర్ కొడుతుంది, తప్పదు మరి. తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు (మొట్టమొదటి స్వరాల పాఠాలు), శ్రుతి కోసం తంబుర యాప్ పెట్టుకుని ముందు నోటితో పాడి అప్పుడు వాయించండి, ఎందుకంటే దీనికి వీణలాగా మెట్లుండవు, చెవే దిక్కు.

నన్నడిగితే సరళీ వరుసలు, జంట వరుసల (ఒక్కో స్వరం రెండేసి సార్లు వచ్చే పాఠాలు) దాకా సొంతంగా ఓకే. గీతాల్లోకి (సాహిత్యం ఉండే చిన్న పాటలు) వెళ్లేముందు మాత్రం ఆన్‌లైన్‌లోనైనా ఎవరికైనా చూపించండి, భుజం, మణికట్టు బిగుసుకుపోతున్న సంగతి మనంతట మనకి తెలీదు.