మైక్రోస్కోప్ కింద పురావస్తువులు: ఈ సబ్జెక్టు చెప్పే లెక్చరర్ కావాలంటే?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మా పాప బోటనీతో బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతోంది. పాతకాలపు వస్తువుల్ని మైక్రోస్కోప్‌లో చూసి చదివే సబ్జెక్టు ఒకటుందట, అది నేర్చుకుని యూనివర్సిటీలో పాఠం చెప్తానంటోంది. మా దగ్గర వడధం వైపు రాక్షసబల్లుల ఎముకలు దొరికాయి, ఇది అదేనా? నౌకరీ వస్తుందా? బి.ఎడ్. చేయిద్దామని ఇంట్లో అందరి మాట. మరాఠీ మీడియం పిల్ల, ఇంగ్లిష్ అంతంతమాత్రం. మేం ఓబీసీ.

జవాబు: అన్నా, వడధం సంగతి ముందు తేల్చేద్దాం. అక్కడి రాక్షసబల్లుల ఎముకలు, రాయిగా మారిన చెట్ల మొద్దులు మనిషి పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందువి. మీ సిరొంచ పక్కనున్న కోట ఊరి పేరే ఆ రాతి పొరలకు పెట్టారు. అది శిలాజాల చదువు. మీ పాప అడిగేది మనుషులు వదిలిపోయిన వాటి గురించి: కుండపెంకులు, పొయ్యిలో మిగిలిన బొగ్గు, ఇనుప చిట్టెం (ఇనుము కరిగించినప్పుడు మిగిలే మడ్డి), కాలిన గింజలు. వీటిని కంటితో చూస్తే తెలిసేది కొంతే, మిగతాది మైక్రోస్కోప్ కిందే తెలుస్తుంది.

బోటనీ పిల్లకి ఇందులో బొగ్గు చదివే పని బాగా అచ్చొస్తుంది. తవ్వకంలో దొరికిన బొగ్గు ముక్కని చేత్తో అడ్డంగా విరుస్తారు. విరిగిన ముఖం పైకి పెట్టి, పైనుంచి వెలుతురు వేసి చూస్తారు. అది టేకైతే చెట్టు ఏటా వేసే ప్రతి వలయం మొదట్లోనూ పెద్ద రంధ్రాలు బారు తీరి కనిపిస్తాయి, ఆ తర్వాతివి చిన్నవి. నల్లమద్దిలో ఆ బారు ఉండదు, రంధ్రాలు అంతటా చెదిరి ఉంటాయి. ఆపైన నిలువుగా రెండు దిక్కుల విరిచి మళ్లీ చూస్తే చెట్టు ఏదో ఇంకా గట్టిగా చెప్పొచ్చు. ఆనాటి వాళ్లు పొయ్యిలోకి ఏ కట్టె వాడారు, ఊరి చుట్టూ ఎలాంటి అడవి ఉండేది అన్నవి ఇలా తెలుస్తాయి. వరి పొట్టులో ఉండే సిలికా కణాలకు రెండు కొమ్ముల ఆకారం ఉంటుంది. గింజ మొత్తం కుళ్లిపోయినా అవి మట్టిలో మిగులుతాయి.

ఈ సబ్జెక్టు చెప్పడం బోర్డు మీద రాసి అయ్యే పని కాదు. కుండపెంకునే తీసుకోండి. దాన్ని రెసిన్‌తో గట్టిపరిచి, గాజు పలకకు అంటించి, 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీయాలి. పోలరైజింగ్ మైక్రోస్కోప్‌లో, అంటే వెలుతురుని ఒకే దిక్కుకి వడగట్టే ఫిల్టర్లున్న మైక్రోస్కోప్‌లో, రెండు ఫిల్టర్లూ ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూస్తే, అందులోని క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే ఖనిజం) రేణువు బూడిద, తెలుపు రంగుల్లో కనిపించాలి. బాగా పసుపుగానో ఎరుపుగానో కనిపించిందంటే పెంకు ఇంకా మందంగా ఉందన్నమాట. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఆ రంగు చూసి ఇంకేదో ఖనిజమని రికార్డులో రాసేస్తారు. అక్కడ ఆపి, "మళ్లీ అరగదియ్, అప్పుడు చూడు" అనగలిగే టీచర్ కావాలి. ఆ చూపు సొంతంగా వందల స్లైడ్లు చేసినవాళ్లకే వస్తుంది.

అందుకే పాపకి నేను చెప్పేది ఒక్కటే: డిగ్రీల కంటే ముందు సొంత నమూనాల పెట్టె మొదలుపెట్టమ్మా. తెలిసిన చెట్టు బొగ్గు పక్కన పెట్టుకుంటేనే తెలియని బొగ్గుని పోల్చగలం. ఆలాపల్లి టేకు అడవి మీ జిల్లాలోనే ఉంది. అడవిలో కొట్టనక్కర్లేదు, సామిల్లులో పడేసే తుంపులు అడిగి తెచ్చుకోవచ్చు. పేరు ఖాయంగా తెలిసిన కర్రలే తీసుకోవాలి. అనుమానం ఉంటే ఆకూ పువ్వూ చూసి లెక్చరర్‌తో సరిచూసుకోవాలి. అల్యూమినియం రేకులో గాలి చొరబడకుండా చుట్టి కాలేజీ ల్యాబ్ ఫర్నేస్‌లో బొగ్గు చేసి, పేరు, ఊరు, తేదీ రాసి దాచాలి. రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఆ పెట్టె తెరిచి చూపిస్తే, పుస్తకం బట్టీ పట్టినవాళ్లకీ తనకీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఇక చదువు. బి.ఎస్సీ. మధ్యలో వదలొద్దు, సైన్స్ పునాదే తన బలం. ఆ తర్వాత పుణెలోని డెక్కన్ కాలేజీలో ఆర్కియాలజీ (పురావస్తు శాస్త్రం) పీజీకి ప్రయత్నించాలి. ఏ డిగ్రీ వాళ్లకైనా ప్రవేశం ఉంటుంది. 1968 నుంచి 1983 దాకా పుణె జిల్లాలోని ఇనాంగావ్ అనే పాతకాలపు ఊరి తవ్వకాలు జరిపింది వాళ్లే. అక్కడ దొరికిన మాడిన బార్లీ గింజల మీద మంచి పని జరిగింది. నాగ్‌పూర్ యూనివర్సిటీలో కూడా ప్రాచీన చరిత్ర, పురావస్తు విభాగం ఉంది. విదర్భలో నైకుండ్ దగ్గర ఇనుము కరిగించిన కొలిమి బయటపడింది కాబట్టి, చిట్టెం మీద ఆసక్తి ఉంటే నాగ్‌పూరే దగ్గరి దారి. పీజీ అయ్యాక లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఆర్కియాలజీ పేపరు రాయాలి. అందులో మంచి మార్కులొచ్చి జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఫెలోషిప్. పీహెచ్‌డీకి ఊరు చూసి కాదు, మంచి ల్యాబూ చేతిపని నేర్పే గైడూ ఎవరో చూసి చేరాలి. అక్కడే జూనియర్లకు ప్రాక్టికల్స్ చేయించే బాధ్యత అడిగి తీసుకోవాలి. పాఠం చెప్పడం వచ్చేది అలాగే.

నౌకరీ గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. "మైక్రోస్కోప్ లెక్చరర్" అని విడిగా పోస్టు ఉండదు. ఆర్కియాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులో చేరి, ఈ కోర్సు చెప్పాలి. మూల వేతనం 57,700 నుంచి మొదలవుతుంది. అయితే పర్మనెంట్ ఖాళీలు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. మన మహారాష్ట్రలో చాలామంది కొన్నేళ్లు సీహెచ్‌బీ మీద, అంటే గంటల లెక్కన, నెట్టుకొస్తారు. ఆ కాలం ఇంటి నుంచి ఆసరా ఇవ్వగలరా లేదా అన్నది మీరు ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఈ చేతిపనికి వేరే చోట్ల కూడా గిరాకీ ఉంది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ పాత మొక్కల అవశేషాల మీద కూడా పనిచేస్తుంది, బెంగళూరులో కలప శాస్త్ర సంస్థ ఉంది.

ఇంగ్లిష్ గురించి భయం వద్దు. రోజూ ఒక స్లైడ్ చూసి నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయమనండి, తన సబ్జెక్టు భాష ముందు వస్తుంది. మరాఠీ, తెలుగు రెండూ వచ్చిన పిల్ల తవ్వకాల ఊళ్లలో జనంతో కలిసిపోతుంది, అది చిన్న సంగతి కాదు.

బి.ఎడ్. తలుపు ఎక్కడికీ పోదు, బి.ఎస్సీ. మీద తర్వాతైనా చేయొచ్చు. జేఆర్ఎఫ్‌కి మాత్రం వయసు హద్దు ఉంది: మామూలుగా 30, ఆడపిల్లలకు మరో 5 ఏళ్ల సడలింపు. కాబట్టి పీజీ ముందు పెట్టుకోండి. మీ ఓబీసీ సర్టిఫికెట్ మహారాష్ట్రది, గోదావరి దాటి తెలంగాణ రాష్ట్ర పోస్టులకు రాస్తే ఆ రిజర్వేషన్ వర్తించదు, ఓపెన్ కిందే చూస్తారు. సెంట్రల్ సంస్థలకు సెంట్రల్ ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ (ఓబీసీల్లో బాగా ఉన్నవాళ్ల కిందకి రారని తెలిపే పత్రం) విడిగా అడుగుతారు. పాప మూడో సంవత్సరంలోకి రాగానే తహసీల్ ఆఫీసులో దానికి అర్జీ పెట్టండి.