బెర్లిన్‌కు కొత్తగా వచ్చే కుటుంబం రోజువారీ పనులు ఎలా నెగ్గుకురావాలి?

మీరు అడిగింది ఇదీ: వచ్చే నెలలో మీవారి ఉద్యోగం మీద బెర్లిన్ వస్తున్నారు, వెంట ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప ఉంటారు, జర్మన్ మీ ఇద్దరికీ రాదు. సరుకులు, డాక్టరు, బడి, ఆఫీసు పనులు ఎలా నడిపించాలి, దేనితో మొదలుపెట్టాలి అని. మేమూ ఇద్దరు చిన్నపిల్లలతో ఇలాగే వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నానండీ.

ఇంటి తాళాలు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని పోస్టు డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద మీ అందరి ఇంటిపేర్లు పెట్టించడం. ఇంత చిన్న పని మొదట ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లకు ఫ్లాట్ నంబరు అనేదే ఉండదు. పోస్టుమ్యాన్ పేరు చూసి ఉత్తరం వేస్తాడు, పేరు కనబడకపోతే వెనక్కి పంపేస్తాడు. బ్యాంకు కార్డు, దాని పిన్, ఇన్సూరెన్స్ కార్డు, పన్ను నంబరు, బడి నుంచి సమాచారం, అన్నీ ఆ డబ్బాలోకే వస్తాయి.

మన తెలుగువాళ్లకు ఇక్కడో చిక్కుంది. పాస్‌పోర్టుల్లో భార్యాభర్తల ఇంటిపేర్లు చాలాసార్లు వేరుగా ఉంటాయి. మా బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్ మావారి ఇంటిపేరు ఒక్కటే ప్లేటు మీద వేశాడు. నా ఇన్సూరెన్స్ కార్డు వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది, మళ్లీ తెప్పించుకోవడానికి వారాలు పట్టింది. కాబట్టి పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే, ఎన్ని ఇంటిపేర్లుంటే అన్నీ వేయించండి. ప్లేటు వచ్చేదాకా తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి టేపుతో అతికించినా పని జరిగిపోతుంది.

రెండోది చిరునామా రిజిస్ట్రేషన్. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయించుకోవాలని చట్టం. బెర్లిన్‌లో మీ ఏరియాది అనే కాకుండా ఏ బ్యూర్గర్‌అమ్ట్‌కి, అంటే పౌరసేవల ఆఫీసుకి, వెళ్లినా సరిపోతుంది, కానీ అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. వెబ్‌సైట్‌లో ఎవరైనా రద్దు చేసుకున్నవి మధ్యమధ్యలో కనబడుతుంటాయి, ఉదయాన్నే చూస్తే దొరికే అవకాశం ఎక్కువ. 115కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. రెండు వారాల్లోపు దొరక్కపోతే, బుక్ చేసుకున్న రుజువు దాచుకోండి. అందరి పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, ఇంటి యజమాని సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం తీసుకెళ్లాలి. అద్దె ఒప్పందం వేరు, ఈ కాగితం వేరు. ఒప్పందం చూపిస్తే ఒప్పుకోరు. ఇల్లు ఖరారు చేసుకునేటప్పుడే ఆ కాగితం ఇస్తారా అని యజమానిని అడగండి. ఇవ్వను అంటే, అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు కుటుంబానికి పనికిరాదని నా అభిప్రాయం.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంట్లో ప్రతి ఒక్కరికీ, పాపతో సహా, 11 అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. మీవారిది ఆఫీసులో ఇవ్వాలి. పిల్లలవి కిండర్‌గెల్డ్‌కి, అంటే పిల్లల కోసం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బుకి, కావాలి. బ్లూ కార్డు (బాగా చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద వచ్చినవాళ్లకు కూడా ఈ డబ్బు వస్తుంది, 2026లో ఒక్కో బిడ్డకి నెలకు 259 యూరోలు. దరఖాస్తు ఆలస్యమైతే వెనకటి ఆరు నెలలకు మించి ఇవ్వరు, కాబట్టి నాన్చకండి. రేడియో, టీవీ రుసుము అని ఇంకో ఉత్తరం వస్తుంది, నెలకు 18.36 యూరోలు. మోసమేమో అని చాలామంది కంగారుపడతారు. అది నిజమైనదే, ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాలి. ఇంటికంతా కలిపి ఒక్కటే, మీ ఇద్దరికీ వేర్వేరుగా వస్తే ఒకదాన్ని ఆపమని రాయండి.

ఉత్తరాల విషయంలో ఒక్క అలవాటు మాత్రం తప్పనిసరిగా చేసుకోండి. వచ్చిన రోజే కవరు విప్పి, ఫోన్ కెమెరాతో అనువాదం చేసి, అందులో గడువు తేదీ ఉందా అని చూడాలి. పసుపు కవరులో వచ్చేవి మరీ ముఖ్యం. వాటి మీద పోస్టుమ్యాన్ అందించిన తేదీ రాస్తాడు, గడువు ఆ తేదీ నుంచే లెక్క. అందుకే లోపలి కాగితంతో పాటు కవరు కూడా దాచాలి. ఇక్కడ ఆఫీసులవాళ్లు పద్ధతి పద్ధతే అంటారు కానీ, గడువులోపు ఒక్క లైను రాసి అడిగితే చాలాసార్లు టైమ్ ఇస్తారు. మాట్లాడకుండా ఊరుకుంటేనే సమస్య.

సరుకుల సంగతి త్వరగానే అలవాటవుతుంది. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసే ఉంటాయి, పండగ సెలవులకూ అంతే. పాలు, కూరగాయలు, డైపర్లు శనివారం సాయంత్రానికల్లా ఇంట్లో ఉండాలి. మరీ అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్‌లో తెరిచి ఉండే షాపులే దిక్కు. బిల్లు కౌంటర్ దగ్గర వాళ్ల వేగం చూసి మొదట్లో టెన్షన్ వస్తుంది. సంచిలో సర్దిపెట్టేవాళ్లెవరూ ఉండరు. వస్తువులన్నీ తిరిగి ట్రాలీలోకి తోసేసుకుని, డబ్బు కట్టి, పక్కనున్న బల్ల దగ్గర తీరిగ్గా సర్దుకోండి. ఇక్కడివాళ్లు చాలామంది అలాగే చేస్తారు.

ఖాళీ సీసాలు పారేయకండి. కొన్నప్పుడే వాటికి డిపాజిట్ కట్టి ఉంటారు. వాడి పారేసే రకం ప్లాస్టిక్ సీసాకి, డబ్బాకి 25 సెంట్లు, మళ్లీ నింపే వాటికి రకాన్ని బట్టి 8 లేదా 15. షాపులోనే గోడకు ఒక యంత్రం ఉంటుంది. గుండ్రటి రంధ్రంలో సీసాని అడుగు వైపు నుంచి పెడితే లోపల గిర్రున తిప్పి, చారల కోడ్ చదివి లాక్కుంటుంది. సీసా నలిగిపోయి ఉంటే బయటికి నెట్టేస్తుంది, కాబట్టి నలపకుండా తేవాలి. చివర్లో పచ్చ బటన్ నొక్కితే చీటీ వస్తుంది, అది కౌంటర్‌లో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు. ఈ పని మీ బాబుకి అప్పగించండి. మావాడు ఇక్కడ భయం లేకుండా చేసిన మొదటి పని ఇదే, వెనక క్యూలో ఉన్న పెద్దాయన వాడికి ఓపిగ్గా చూపించి మరీ నేర్పాడు. చెత్త వేరుచేయడం కూడా పిల్లలకే తొందరగా వస్తుంది. గాజు సీసాలు మాత్రం ఆదివారం, రాత్రిళ్లు డబ్బాలో వేయకండి, ఆ చప్పుడుకి పక్కింటివాళ్లు ఊరుకోరు.

ఇక డాక్టరు. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు భయం ఇదే. మీవారు ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్స్‌లో చేరితే, ఆదాయం లేని భార్యకి, పిల్లలకి అదనంగా కట్టక్కర్లేదు. జీతం ఎక్కువ ఉన్నవాళ్లకు ప్రైవేటు ఇన్సూరెన్స్ చవగ్గా వస్తుందని చెబుతారు, కానీ అందులో ప్రతి ఒక్కరికీ విడిగా కట్టాలి. ఇద్దరు పిల్లలుండగా ఆ నిర్ణయం హడావిడిగా తీసుకోకండి. పిల్లల డాక్టర్లలో చాలామంది కొత్తవాళ్లను తీసుకోవడం లేదంటారు. జ్వరం వచ్చాక వెతికితే అది పని కాదు. వచ్చిన మొదటి వారాల్లోనే పిల్లలు బాగున్నప్పుడు వెతకండి, ఫోన్‌లో కాదన్నా ఒకసారి స్వయంగా వెళ్లి అడగండి. మూడేళ్ల వయసులో ఇక్కడ చేసే చెకప్‌ని యు7ఎ అంటారు. పాపకి ఆ వయసే కాబట్టి దాని కోసం అపాయింట్‌మెంట్ అడిగితే లోపలికి దారి దొరకొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లు కూడా డాక్టర్ని వెతికిపెడతారు.

రెండు నంబర్లు ఫ్రిజ్ మీద రాసిపెట్టుకోండి. ప్రాణం మీదికి వస్తే 112. అంత కాదు కానీ రేపటిదాకా ఆగలేం అనిపిస్తే 116117, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఒక రాత్రి మా పాపకి జ్వరం తగ్గడం లేదు, మావారు వేరే ఊళ్లో ఉన్నారు. నేనే 116117కి చేశాను. అవతలావిడ నిదానమైన ఇంగ్లీషులో పాప వయసెంత, జ్వరం ఎంత, నీళ్లు తాగుతోందా, మూత్రం పోస్తోందా, ఊపిరి ఎలా తీసుకుంటోంది అని అడిగి, పిల్లల అత్యవసర క్లినిక్ ఏ ఆసుపత్రిలో ఉందో చెప్పింది. ఆంటీబయాటిక్ ఇవ్వలేదు, జ్వరం మందు రాసి నీళ్లు బాగా పట్టమన్నారు. ఇక్కడ మామూలు వైరల్ జ్వరానికి అంతే, మందు తక్కువ ఇచ్చారంటే పట్టించుకోలేదని కాదు. మందుల చీటీ చాలావరకు ఇన్సూరెన్స్ కార్డులోనే వచ్చేస్తుంది, అపోథెకెలో, అంటే మందులషాపులో, ఆ కార్డు పెడితే చాలు. రాత్రి మందులషాపులు వంతులవారీగా తెరుస్తారు. మూసిన షాపు తలుపు మీదే ఆ రాత్రి ఎవరి వంతో రాసి ఉంటుంది. అక్కడ గంట కొడితే చిన్న కిటికీలోంచి మందు ఇస్తారు, దానికి 2.50 యూరోలు అదనం. ఇలాంటప్పుడు ఫోన్‌లో చెప్పాల్సిన వాక్యాలు, మీ చిరునామాతో సహా, ఒక కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకుంటే కంగారులో నోరు పెగలకపోయినా చదివి చెప్పొచ్చు.

బడి విషయంలో మీ బాబుకి సీటు గురించి దిగులక్కర్లేదు, ఇక్కడ బడి తప్పనిసరి. భాష రాని కాస్త పెద్ద పిల్లల కోసం విల్‌కొమ్మెన్స్ క్లాసులున్నాయి, మీ బాబు వయసు పిల్లల్ని మాత్రం మామూలుగా అందరితో పాటు సాధారణ తరగతిలోనే చేర్చుకుంటారు. బెర్లిన్‌లో ప్రాథమిక పాఠశాల ఆరో తరగతి దాకా, మధ్యాహ్న భోజనం ఉచితం, సిటీ బస్సు, రైలు కార్డు కూడా విద్యార్థులకు ఉచితమే. పాపకి కిటా, అంటే డేకేర్, కావాలంటే యూగెండ్‌అమ్ట్ (పిల్లల సంక్షేమ ఆఫీసు) నుంచి వోచర్ తీసుకోవాలి. ఫీజు లేదు, భోజనానికి నెలకు 23 యూరోలు మాత్రం కట్టాలి. చోటు దొరకడమే ఆలస్యం, వెయిటింగ్ లిస్టులో ఎన్నిచోట్ల వీలైతే అన్నిచోట్ల పేరు రాయించండి. చోటు దొరికాక మొదటి కొన్ని వారాలు మీలో ఒకరు పాపతో పాటు కూర్చుని, రోజురోజుకీ కాస్త కాస్త దూరం జరగాలి. ఆ వారాల్లో ఇంకే పనీ పెట్టుకోకండి. తట్టు టీకా రెండు డోసుల రుజువు లేకుండా కిటాలో చేర్చుకోరు, 2020 మార్చి నుంచి అది చట్టం. బడి కూడా అడుగుతుంది. టీకాల కార్డులు సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.

ఇప్పుడు నేను మనసారా చెప్పాలనుకున్న మాట. మన ఇళ్లలో ఒక అలవాటుంది. ఉద్యోగం ఆయనది కాబట్టి బ్యాంకు, ఫోన్, ఇంటి ఒప్పందం, అపాయింట్‌మెంట్లు అన్నీ ఆయన పేరు మీదే, ఆయన ఈమెయిల్‌కే. ఇంట్లో ఉండే మనిషి దేనికైనా ఆయన మీటింగ్ అయ్యేదాకా ఆగాలి. కొన్నాళ్లకి ఆయనకి పని తడిసి మోపెడవుతుంది, ఆమెకి నాలుగ్గోడల మధ్య ఊపిరాడదు. ఇలా బాధపడి వెనక్కి వెళ్లిపోయిన కుటుంబాలు నాకు తెలుసు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఒప్పందంలో, పోస్టు డబ్బా మీద, బ్యాంకు ఖాతాలో మీ పేరు కూడా ఉండాలి. పిల్లల డాక్టరు, బడి పనులు మీ నంబరుకి పెట్టండి. ఆయన ఆఫీసు పన్ను పనులు, ఇన్సూరెన్స్ చూసుకోవచ్చు. మొదట్లో ఇద్దరూ కలిసి ఒకసారి వెళ్లండి, రెండోసారి మీరొక్కరే వెళ్లండి. పార్సెల్ తెచ్చుకోవడంతో మొదలుపెట్టండి. మీరు ఇంట్లో లేనప్పుడు పక్కింట్లో ఇచ్చి, ఎవరికిచ్చిందీ చీటీ రాసి వెళ్తారు. ఆ వంకతో వాళ్ల తలుపు తట్టొచ్చు. మా పై అంతస్తు ఆవిడతో నాకు పరిచయమైంది అలాగే, తర్వాత మా ఉత్తరాలెన్నో ఆవిడే చదివి చెప్పింది.

బ్లూ కార్డు ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇక్కడ ఉద్యోగం చేసుకోవడానికి అనుమతి ఉంటుంది. కానీ భాష ముందు. బెర్లిన్ పన్నెండు జిల్లాల్లోనూ ఫోక్స్‌హోఖ్‌షూలె, అంటే పెద్దలు చదువుకునే ప్రభుత్వ విద్యాకేంద్రం, ఉంది, అక్కడ జర్మన్ క్లాసులు చవక. భాషతో పాటు ఇక్కడి పద్ధతులూ నేర్పే ఇంటిగ్రేషన్ కోర్సు అయితే మామూలుగా 700 గంటలు. పాప కిటాలో కుదురుకోగానే చేరిపోండి. అది కాక, చాలా ఏరియాల్లో స్టాట్‌టైల్‌మ్యూటర్ అని ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న మహిళలు కనబడతారు. వాళ్లూ ఒకప్పుడు మనలాగే వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లే, 2004లో బెర్లిన్‌లోని నోయ్‌కోల్న్ జిల్లాలో మొదలైన కార్యక్రమం అది. బడి, కిటా, ఫారాల విషయంలో ఉచితంగా సాయం చేస్తారు. అడగడానికి మొహమాటపడకండి.

ప్రయాణాలకు డాయిచ్‌లాండ్ టికెట్, అంటే దేశమంతా సిటీ బస్సులు, లోకల్ రైళ్లలో చెల్లే పాసు, నెలకు 63 యూరోలు, అది నెలనెలా దానంతటదే కొనసాగుతుంది, ఆపాలంటే ఆ నెల పదో తేదీలోపు చెప్పాలి. ఆరేళ్లలోపు పిల్లలకు సిటీ బస్సులు, రైళ్లలో టికెట్ అక్కర్లేదు. మన డ్రైవింగ్ లైసెన్స్ ఇక్కడ నివాసం మొదలైనప్పటి నుంచి ఆరు నెలలే చెల్లుతుంది, తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండు పరీక్షలూ రాయాలి. థియరీ ఇంగ్లీషులో రాయొచ్చు. కారు కొనే ఆలోచన ఉంటే వచ్చిన మొదటి నెలల్లోనే మొదలుపెట్టండి. ఏ ఏరియాలో ఇల్లు దొరికిందో రాస్తే, అక్కడి పిల్లల డాక్టర్ల గురించి నాకు తెలిసినంత చెబుతాను.