నానో కణాలతో చెవుడు నయమవుతుందా?

మీ నాన్నగారి చెవుడుకి నానో మందు (కంటికి కనపడనంత చిన్న రేణువుల్లో నింపిన మందు) వాడొచ్చా అని అడిగారు. ఇప్పుడప్పుడే కాదండీ, ప్రయోగాలు ఎక్కువగా ఎలుకలు, గినీ పందుల మీదే నడుస్తున్నాయి.

అసలు చిక్కేంటంటే, లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని బఠాణీ గింజంత ఉండే కాక్లియాలో పుట్టుకతో సుమారు 15,000 రోమకణాలు (శబ్దాన్ని మెదడుకి వెళ్లే సంకేతాలుగా మార్చే కణాలు) ఉంటాయి, పోయినవి మళ్లీ పుట్టవు. మాత్ర వేసుకుంటే మందు రక్తం నుంచి అక్కడికి సరిగా చేరదు. అందుకే కొందరికి కర్ణభేరి గుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, కానీ అందులో చాలా భాగం గొంతులోకి జారిపోతుంది (ఇంజెక్షన్ అయ్యాక కాసేపు గుటక వేయొద్దనేది ఇందుకే). అదే మందును నానో కణంలో పెడితే, సుమారు 0.07 మిల్లీమీటర్ల మందముండే రౌండ్ విండో పొరను (మధ్య చెవికీ కాక్లియాకీ మధ్య ఉండే పల్చటి పొర) దాటి లోపల మెల్లమెల్లగా విడుదలవుతుందని ఆశ. ఐరన్ ఆక్సైడ్ కణాలనైతే బయటి నుంచి అయస్కాంతంతో లాగొచ్చు.

రోగనిర్ధారణకూ ఇదే దారి. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష ఫలితం) ఎంత వినపడట్లేదో చెబుతుంది గానీ లోపలి చెవిలో ఏ కణాలు పోయాయో చెప్పదు, అక్కడి నుంచి ముక్క తీసి పరీక్షించలేం. ఎమ్మారైలో కనపడే నానో కణాలతో ఆ లోటు తీర్చాలని చూస్తున్నారు. నాకైతే చికిత్స కన్నా ఇదే ఆసక్తిగా అనిపిస్తుంది.

అప్పటిదాకా హియరింగ్ ఎయిడ్ మానకండి. ఆన్‌లైన్‌లో 'నానో చుక్కలు' కనపడితే కొనకండి.